పడవ నెట్టకముందే

బరంపురం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. రామయ్యపట్నం పోతయ్య పేరు గంజాం అంతా మారుమోగిపోయింది. మోగదూ మరి! జాలరి పేటలో పుట్టినవాడు పోలీసు కానిస్టేబులుగా చేరి, అక్కడే హాకీ కర్ర పట్టి, గోలు ముందు నిలబడి, చివరికి దేశం తరఫున ఓడెక్కి వెళ్లే జట్టులో చోటు కొట్టేశాడు. పేటలో ప్రతివాడూ తానే గోలు ఆపినంత సంబరపడ్డాడు. సంబరం లేనిది ఒక్క పోతయ్యకే.

సంగతేమిటంటే, ఆ ఎండాకాలం ఓ బంతి లేచి వచ్చి అతని కనుబొమ్మ చీల్చింది. గాయం మానింది గానీ భయం మానలేదు. అప్పటి నుంచి బంతి పైకి లేస్తే చాలు, కళ్లు వాటంతట అవే మూసుకుపోతున్నాయి. పళ్లు బిగించి చూశాడు, దేవుడికి మొక్కి చూశాడు, లాభం లేకపోయింది. ఎంపిక ఆటలో ఆఖరున కొట్టిన బంతి అతని ఛాతీకి తగిలి పక్కకు పోయింది. అతను దాన్ని చూడనే లేదు. జట్టు మేనేజరు వెంకటరమణమూర్తి గారు పరుగెత్తుకొచ్చి, "రెప్ప కూడా వాల్చలేదయ్యా నువ్వు!" అని భుజం తట్టారు. పోతయ్య పైకి తలూపాడు గానీ లోపల ఒకటే ఆలోచన. అక్కడ, పరాయి దేశంలో, బంతి ఛాతీకి తగలకపోతే?

బయలుదేరే పొద్దున తల్లి కాసమ్మ దిష్టి తీస్తానని గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చింది. గుప్పెట ముఖం ముందుకు రాగానే పోతయ్య కళ్లు గట్టిగా మూసి తల లాగేశాడు.

"ఏటిరా, సిన్నపిల్లడిలాగ!" అని తల్లి నవ్వింది.

గుమ్మం పక్కన వల బాగుచేస్తున్న తండ్రి నరసన్న నవ్వలేదు.

తండ్రంటే పోతయ్యకు మొదటి నుంచీ నామోషీ. ఆ పేటలో ఓ కట్టుబాటు ఉంది. కెరటం చూసి గుండె జారినవాడు పడవ నెట్టకముందే నలుగురి ముందూ ఆ మాట చెప్పాలి. చెప్పినవాడు ఇక ఒడ్డునే ఉండి వలలు చూసుకుంటాడు. చెప్పకుండా ఎక్కితే పడవలో అందరికీ ముప్పే. నరసన్న పడుచు వయసులోనే చెప్పేశాడు. దాంతో పోతయ్య ఎక్కడికెళ్లినా 'ఒడ్డు నరసన్న కొడుకు' అయ్యాడు. ఆ పేరు చెరిపేసుకుందామనే బంతికి ఎదురు నిలబడ్డాడు.

తల్లి లోపలికి వెళ్లాక నరసన్న గొంతు తగ్గించాడు. "ఎప్పటి నుంచిరా?"

"ఏటి?"

"ఆ కళ్లు మూసుకోడం నాకు తెలీదేట్రా! సెప్పీరా. నీ పడవ ఇంకా ఒడ్డునే ఉంది."

"సెప్పీసి నీలాగ మూల కూకోమంటావా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నరసన్న తల దించుకున్నాడు. "కూకోడం కష్టం కాదురా. సెప్పడమే," అన్నాడు.

బరంపురం స్టేషనుకు పేట పేటంతా దండలతో వచ్చేసింది. మేనేజరు గారు రైలుపెట్టెలోంచి తల బయటకు పెట్టి, "అంతా బాగేనా పోతయ్యా? ఇబ్బంది ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పు. కలకత్తాలో ఇంకో గోలుకీపరు సిద్ధంగా ఉన్నాడు," అన్నారు.

పోతయ్య నోరు తెరిచాడు. అందరి కళ్లూ అతని మీదే ఉన్నాయి. జనం వెనకాల తండ్రి నిలబడి ఉన్నాడు. ఇలాంటి కళ్ల ముందే ఆ మనిషి ఒంటరిగా నిలబడి చెప్పాడు కదా అని మొదటిసారి తోచింది. మెడలో దండ సర్దుకున్నాడు.

"ఏం లేదండి. బాగానే ఉన్నాను."

బండి కదిలింది. ఊగిన చేతుల్లో తండ్రి చెయ్యి లేదు.

ఖల్లికోట స్టేషను దాటాక పెట్టెలో అందరూ పరాచికాల్లో పడ్డారు. మేనేజరు గారు బుట్టలోంచి నారింజపండు తీసి, "పోతయ్యా, పట్టు!" అని విసిరారు.

కళ్లు మూసుకుపోయాయి. తెరిచేసరికి పండు నుదుటికి తగిలి కిందపడి దొర్లుతోంది. ఆటగాళ్లంతా పగలబడి నవ్వుతున్నారు. వెంకటరమణమూర్తి గారు మాత్రం నవ్వడం లేదు.