బరువు తెలియని సంచి

ఆ వీధిలో ఎవరు ప్రయాణం కట్టినా ముందు దర్జీ ఇంటికొచ్చి బుడ్డదాన్ని ఎత్తి చూసుకునేవాళ్లు. రెండేళ్ల పిల్ల, మామూలుగా పిల్లికూన బరువు. దారిలో కీడుంటే మాత్రం తిరగలి రాయంత బరువెక్కేది. అప్పుడు వచ్చినవాళ్లు ఇంకో రోజు చూసుకుందాంలే అని ఇంటికి పోయేవాళ్లు. గొడుగు తీసుకెళ్లాలా వద్దా అని ఆకాశం వంక చూడమూ, ఇదీ అంతేగా! విసుగల్లా బుడ్డదానికే. ఊరంతా చంకల కింద చేతులు పెడుతుంటే ఎవరికుండదు?

దాని తల్లే ఆ దర్జీ. ఆమెకే పిల్లను ఎత్తుకోవాలంటే చేతులాడవు. పోయినేడు ఓ పొద్దున రాతిగనికి బయల్దేరుతూ మొగుడు బుడ్డదాన్ని ఎత్తబోయి ఎత్తలేకపోయాడు. "ఇవాళ మానెయ్యనా?" అన్నాడు. ఆమె కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండానే, ఎన్నాళ్లని మానేస్తావు, వెళ్లమంది. వెళ్లాడు. రాయి విరిగి మీద పడిందని మధ్యాహ్నానికి కబురొచ్చింది. అప్పట్నుంచీ పిల్లను ఎత్తే పని అత్తగారిదే.

ఇప్పుడు ఆమెకు ఏటి అవతల ఆసుపత్రిలో దుప్పట్లు కుట్టే ఉద్యోగం వచ్చింది. ఉండటానికి గది కూడా ఇస్తారట. సోమవారం మధ్యాహ్నంలోగా చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. అత్తగారు ఇల్లు ఖాళీ చేసి వారానికిగానీ రాదు. అందాకా పిల్లను మోయాల్సింది తనే.

అత్తాకోడళ్లు కొట్టుకు వెళ్లి పిల్లల్ని మోసే సంచులు గంటసేపు తిరగేశారు. ఒంటిభుజానికి వేసుకునే గుడ్డ ఉయ్యాల అత్తగారికి నచ్చింది. భుజం లాగేస్తుందని కోడలు పక్కన పెట్టింది. పొట్టకు కట్టుకునేదాంట్లో పిల్ల తొడలు ఒరుసుకుంటాయని దర్జీ కన్ను ఇట్టే పట్టేసింది. మూడోది వీపుకు కట్టేది. కూర్చునే చోటు మోకాళ్ల దాకా వెడల్పు, నడుంపట్టీ మందం, అన్నీ జంట కుట్లు.

"ఇది కట్టుకుంటే వీపు మీద పిల్ల ఉన్నట్టే తెలీదమ్మా," అన్నాడు కొట్టతను.

"తెలీకపోతే ఎలాగే?" అంది అత్తగారు.

"తెలీకూడదనే కొంటున్నాను, అత్తయ్యా."



సోమవారం పొద్దున అత్తగారు ఒక్కసారి ఎత్తి చూస్తానంటే, లాంచీ వెళ్లిపోతుందని చెప్పి, నిద్రపోతున్న పిల్లను మంచం మీదే సంచిలోకి జరిపి, అక్కడే కూర్చుని వీపుకు కట్టేసుకుంది. కొట్టతను అబద్ధం చెప్పలేదు. హాయిగా ఉంది. కానీ బరువు తెలిస్తే భయం ఒక్కటే, తెలీకపోతే వంద. ప్రతి మలుపులో ఆగి భుజాలు కదిపి చూసుకుంది. ఏమీ తెలియలేదు.

ఏటి ఒడ్డున ఇరవైమంది దాకా లాంచీ ఎక్కి కూర్చున్నారు. నీ కోసమే ఆగాం రమ్మని లాంచీ నడిపే సరంగు చెయ్యి చాచాడు. ఆమె ఎక్కబోతూ, చేతిసంచిలోంచి నీళ్లసీసా జారిపడితే వెనక్కి తిరిగింది.

తడి ఇసుకలో అందరి అడుగులూ పైపైనే ఉన్నాయి. తనవి రోడ్డు దగ్గర అందరివిలాగే మొదలై, రానురాను లోతయ్యాయి. చివరి అడుగు పిక్క లోతున దిగి, నీళ్లూరి ఉంది.

పైప్రాణాలు పైనే పోయాయి. ఇంకా ఎవరూ చూడలేదు. ఎక్కేస్తే అరగంటలో అవతలి ఒడ్డు, ఉద్యోగం, గది. చూడనట్టు ఎక్కేద్దామనే అనుకుంది, అబద్ధమెందుకు. అంతలో ఆ పొద్దుటి మొగుడి గొంతు చెవిలో పడింది. ఇవాళ మానెయ్యనా?

"దిగండి," అంది. "పిల్ల బరువెక్కింది."

సరంగు ఇసుకలో అడుగులు చూసి ఇంజన్ ఆపేశాడు. జనం ఎవరి పనులు వాళ్లు తలుచుకుని సణుక్కుంటూ దిగారు. ఆఖరి మనిషి దిగిన కాసేపటికి కట్టుతాడు బిగుసుకుంది. అడుగుచెక్క ఊడి, ఖాళీ లాంచీ ఉన్నచోటే బెంచీల దాకా మునిగిపోయింది.  ఒక ముసలాయన వచ్చి బుడ్డదాని పాదం ముట్టుకుని వెళ్లాడు.

ఆమె ఇసుకలో చతికిలబడి పట్టీలు విప్పింది. బుడ్డది కళ్లు నులుముకుని "ఎత్తుకో" అంది. ఏడాదిగా తల్లిని ఆ మాట అడగలేదు.

ఎత్తుకుంది. పిల్లికూన బరువు.

వంతెన మీదుగా వెళ్తే తొమ్మిది మైళ్లు. చేరేసరికి ఉద్యోగం ఉంటుందో ఉండదో. సంచిని లాంచీ కట్టే గుంజకు తగిలించి, పిల్లను చంకనేసుకుని బయల్దేరింది. రెండో మైలుకే చెయ్యి లాగేసింది. చంక మార్చుకుంది గానీ దించలేదు.