కోతులు దూకిన కారు

బుధవారం పొద్దున తొమ్మిదింటికి కృపారాణికి సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చింది. చేసింది అక్కడి కార్ల షోరూం మేనేజరు ఉపేందర్.

"అక్కా, జర తొందరగ రావాలె. కొత్త బండి మీద కోతులు దూకినయ్. రేపు పదిన్నరకు డెలివరీ ఉన్నది."

"ఎన్ని సొట్టలు?"

"బానెట్ మీద మూడు, టాపు మీద రెండు. గీతలు ఇంకా లెక్కపెట్టలే."

"రంగు లేచిందా?"

"లేవలే అనుకుంట."

"బండిని నీడకు తీయుర్రి. ఎవ్వలు చెయ్యి పెట్టొద్దు, ఏదో పాలిష్ తెచ్చి రుద్దొద్దు. నేనొస్తున్న."

కోదాడలో హైవే పక్కన రేకుల షెడ్డు కృపారాణిది. 'రంగు వేయకుండా సొట్టలు తీయబడును' అని బోర్డు ఉంటుంది. పుట్టింది మోతెలో, కూలి పని చేసుకునే ముత్తయ్య, పెంటమ్మలకు. ఇంటర్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక షోరూంలో కార్లు కడిగే పనిలో చేరింది. అక్కడికి వారానికోసారి ఒకాయన సన్నని ఇనుప రాడ్లు పట్టుకొని వచ్చేవాడు. రేకు వెనక నుంచి కొంచెం కొంచెం నెట్టి, రంగు చెక్కుచెదరకుండా సొట్టలు తీసేవాడు. అడిగి అడిగి ఆయన దగ్గర పని నేర్చుకుంది. ఏడాదిపాటు తుక్కు దుకాణంలో దొరికిన పాత బానెట్లను తనే కొట్టి, తనే సరిచేసి, పనిలో చేయి తిరిగేలా చేసుకుంది. కోదాడలో షెడ్డు పెట్టిన కొత్తలో "మీ ఆయన లేడా అమ్మా?" అని అడిగి వెళ్లిపోయిన వాళ్లున్నారు. ఇప్పుడు ఎవరూ అడగరు. బండి తాళం చేతిలో పెట్టి చాయ్ తాగడానికి పోతారు.

పదకొండున్నరకు ఆమె సూర్యాపేటలో బస్సు దిగింది. షోరూం వెనక షెడ్డులో తెల్లటి చిన్న కారు, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండా నిలబడి ఉంది. కృపారాణి చారలుగా వెలుగు పడే లైటు వెలిగించి బానెట్ మీదికి వంచింది. రేకు నున్నగా ఉన్నచోట లైటు గీతలు తిన్నగా కనబడ్డాయి, సొట్ట ఉన్నచోట వంకరపోయాయి. ఐదు సొట్టలూ చూసింది. తర్వాత కోతులు గీరిన గీతల్లో ఒక్కొక్కదాని మీదా తన గోరు అడ్డంగా నడిపింది. గోరు జారిపోతే పైపొర గీత, పాలిష్‌తో పోతుంది. ఆరింటి మీద జారిపోయింది. టాపు అంచున, డ్రైవరు తలుపు పైన ఉన్న ఏడో దాని మీద గోరు ఆగింది.

"ఉపేందర్ సార్, సొట్టలన్నీ పోతయ్. ఈ ఒక్క గీత మాత్రం పూర్తిగ పోదు. కంపెనీ రంగే సన్న కుంచెతో నింపుత. ఊరికె చూసెటోళ్లకు కనవడది. ఎతికితే కనవడ్తది."

"ఎవరు ఎతుకుతరక్కా?"

"కొన్నామె. మీరు చెప్పినంక ఎతకదా?"

ఉపేందర్ ముఖం మారిపోయింది. "చెప్పుడెందుకు? ఆమె మిర్యాలగూడ నుంచి వస్తున్నది. రెండు నెలల సంది ఈ రంగు కోసమే కూసున్నది. ముహూర్తం పెట్టుకున్నరు. నువ్వు చేసింది ఎవ్వలకు తెల్వది, నాకు తెల్వదా నీ పని?"

"చెప్పకుంటే నేను ముట్టుకోను సార్. సంచి ఇంకా పూర్తిగ విప్పలే."

"ఆమె వద్దంటే నా నౌకరి మీదికొస్తది."

"వద్దంటే పని చూసినంక అనమను. చూడకముందు అనొద్దని మాత్రం నేను అడుగుత."

కృపారాణి గొంతు పెంచలేదు. రాడ్ల సంచి జిప్పు మీద చేయి పెట్టి నిలబడింది, అంతే. ఆ హైదరాబాద్ షోరూంలో ఒక కిరాయి కారు డ్రైవరు వచ్చి గొడవ చేసిన రోజు ఆమెకు బాగా గుర్తు. కొత్తదని ఇచ్చిన కారు తలుపుకు ముందే రంగేశారని రెండేళ్లకు అతనికి తెలిసింది. అతని కోపం షోరూం మీదే, కానీ తల వంచుకున్నది మాత్రం ఆ తలుపుకు రంగు వేసిన పెద్దాయన. అలా తల వంచుకోకూడదని ఆమె ఆ రోజే అనుకుంది.

ఉపేందర్ కాసేపు ఫోన్ అటూ ఇటూ తిప్పాడు. రేపటిలోగా ఈ పని చేయగల వాళ్లు చుట్టుపక్కల ఇంకొకరు లేరు. "సరే. చెప్త," అన్నాడు.

కృపారాణి బానెట్ ఎత్తి, లోపలి చట్రం సందులోంచి రాడ్డు దూర్చింది. రాడ్డు కొన సొట్ట కింద ఎక్కడుందో పై నుంచి కనబడదు. లైటు గీతల్లో చిన్న వణుకు పుట్టిన చోటే కొన. అక్కడ బియ్యపు గింజంత మేర నెట్టడం, చూడటం, మళ్లీ నెట్టడం. తొందరపడి గట్టిగా నెడితే రంగు పగులుతుంది. మూడు సొట్టలకూ రెండున్నర గంటలు పట్టింది. టాపు కింద రాడ్డు పోయే దారి లేదు కాబట్టి, సొట్ట మీద ప్లాస్టిక్ బిళ్లను వేడి జిగురుతో అంటించి, చిన్న పరికరంతో పైకి లాగింది. గీతలు రుద్దింది. చివరి గీతలో ఊపిరి బిగబట్టి రంగు నింపింది. సాయంత్రం ఐదింటికి లైటు ఆర్పి, "రేపు నేను కూడ ఉంట," అని చెప్పి కోదాడ బస్సెక్కింది.

గురువారం పదింటికి కారు కొన్న అలివేలు వచ్చింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పశువుల దవాఖానలో అసిస్టెంటు. ఇరవై ఏళ్లుగా మిర్యాలగూడ చుట్టూ ఊళ్లు స్కూటీ మీద తిరిగి గొడ్లకు వైద్యం చేస్తోంది. కారు నడపడం ఈ మధ్యే నేర్చుకుంది. వెంట ఆమె అన్న వెంకటనర్సయ్య తన మోటార్ సైకిల్ మీద వచ్చాడు, సంచిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు పెట్టుకొని.

ఉపేందర్ స్వీటు డబ్బా చేతిలో పట్టుకొనే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మాట రెండుసార్లు తడబడింది గానీ ఏదీ దాచలేదు.

వెంకటనర్సయ్య మండిపడ్డాడు. "గిదేం కొత్త బండి? కోతులు తొక్కిన బండి మా చెల్లెకు అంటగడ్తరా? పా అలివేలూ, వేరే షోరూంకు పోదాం."

కృపారాణి ముందుకొచ్చింది. "అన్నా, బాగు చేసింది నేను. ఒక్కసారి చూడుర్రి. చూసినంక మీ ఇష్టం."

అలివేలు ఆమెను పైనుంచి కిందికి చూసింది. "నువ్వేనా చేసింది? ఎక్కడెక్కడ పడ్డయ్ సొట్టలు?"

"చెప్పనక్కా. మీరే పట్టుకోండ్రి."

అలివేలు గాజులు మోచేతి మీదికి నెట్టుకుంది. కళ్లు మూసుకొని అరచేయి బానెట్ మీద పెట్టింది. బర్రె కడుపు తడిమి ఎన్ని నెలలో చెప్పే చేయి అది. నెమ్మదిగా ఆ కొస నుంచి ఈ కొసకు పోయింది, మళ్లీ వచ్చింది. ఎక్కడా ఆగలేదు. తర్వాత స్టూలు వేయించుకొని ఎక్కి టాపు తడమడం మొదలుపెట్టింది. నడిమికి వచ్చాక వేళ్లు ఆగాయి. వెనక్కి పోయి, మళ్లీ అక్కడే ఆగాయి.

"గీడ," అంది కళ్లు తెరవకుండానే.

అలివేలు కిందికి దిగింది. కృపారాణి స్టూలు ఎక్కి అక్కడ వేలు పెట్టింది. మొదట ఏమీ తెలియలేదు. రెండోసారి తెలిసింది. బిళ్లతో లాగిన చోట వెంట్రుక మందం ఉబ్బు. నిన్నటి లైటులో తను చూడలేదు.

"అవునక్కా, ఉన్నది," అంది. "నాకు దొరకలే, నీకు దొరికింది. తీస్త, చూడు."

సంచిలోంచి పెన్నులాంటి ప్లాస్టిక్ పుల్ల, చిన్న సుత్తి తీసింది. లైటు వంచి, పుల్ల కొనను ఉబ్బు మీద ఆనించి, గోటితో తట్టినంత మెల్లగా తట్టింది. ఆపి చూసింది. ఇంకో నాలుగు దెబ్బలు. లైటు గీతలు తిన్నగా నిలబడ్డాయి.

"ఇప్పుడు చూడు."

అలివేలు చేయి ఈసారి చాలాసేపు తిరిగింది, ఎక్కడా ఆగలేదు. వెంకటనర్సయ్య కూడా వచ్చి తడిమాడు, అతనికీ ఏదీ తగల్లేదు. కృపారాణి అలివేలు వేలు పట్టుకొని టాపు అంచుకు తీసుకుపోయింది. "ఇదొక్కటి నేనే చూపిస్త. రంగు నింపిన గీత. ఎండ ఏటవాలుగ పడ్తే సన్నగ కనవడ్తది. ఇంతకన్న పోదు. పోతదని అబద్ధం చెప్ప."

"వేరే బండి కావాల్నంటే?" అని వెంకటనర్సయ్య ఉపేందర్‌ను అడిగాడు.

"ఇస్తం సార్. ఈ రంగుల అయితే నెలన్నర పడ్తది."

అలివేలు కారు చుట్టూ ఒకసారి తిరిగింది. "అన్నా, నేను పోయేది ఊర్ల మీదికి. కంప గీసుకుంటది, గొడ్డు కొమ్ము తగుల్తది. గీతలు ఎట్లయినా పడ్తయ్. చెప్పకుండ ఇచ్చి, ఇంటికి పోయినంక నా చేతికి తగిలితే మాత్రం ఈ షోరూం ముంగట కూసుందును." ఉపేందర్ వైపు తిరిగింది. "నేను తీస్కుంట. కాయితం మీద రాసియ్యి. ఎన్ని సొట్టలు, ఎట్ల పడ్డయ్, ఎవరు తీసిండ్రు, అన్ని రాయి."

ఉపేందర్ అక్కడే నిలబడి రాశాడు. కృపారాణి కింద సంతకం పెట్టి, ఫోన్ నంబరు కూడా వేసింది.

"పదిన్నర దాటుతున్నది!" అని వెంకటనర్సయ్య నిమ్మకాయలు తీసుకొని టైర్ల దగ్గరికి పరుగెత్తాడు.

కొబ్బరికాయ కొట్టడం అయ్యాక, అన్నను ముందు సీట్లో కూర్చోమంది అలివేలు. అతను మోటార్ సైకిల్ ఎక్కేశాడు. "నేను ఎనక వస్త. నువ్వు నిమ్మలంగ నడుపు."

"చూసినవా, భయం," అంది అలివేలు కృపారాణితో. "నువ్వు ఎక్కు చెల్లె. బస్టాండు దాక."

కృపారాణి రాడ్ల సంచిని వెనక సీట్లో జాగ్రత్తగా పడుకోబెట్టి ఎక్కింది. ఉపేందర్ గేటు దాకా వచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు. "అక్కా, సోమవారం ఇంకో బండి ఉన్నది. వస్తవా?"

"ఎవరిదో వాళ్లకు చెప్పి ఫోన్ చెయ్యి. వస్త."

కారు రోడ్డెక్కింది. అలివేలు రెండు చేతులతో స్టీరింగు పట్టుకొని, ఎదురుగా తప్ప ఎటూ చూడకుండా నడుపుతోంది. సంత నుంచి కూరగాయల మూటలతో వస్తున్న ఆటో ఒకటి పక్క నుంచి దూసుకొచ్చి ముందు దూరింది. అలివేలు బ్రేకు తొక్కింది. ఆటోకు, బానెట్‌కు మధ్య జానెడు మిగిలింది.

"గిప్పుడు తగిలి ఉంటే?" అంది ఊపిరి వదులుతూ.

"తగిలితే సొట్ట పడేది," అంది కృపారాణి. "మిర్యాలగూడ నుంచి కోదాడ ఎంత దూరమక్కా? తెస్తివంటే సాయంత్రానికి తీసిస్త. నువ్వు పోనియ్యి."

అలివేలు నవ్వి, హారన్ గట్టిగా ఒక్కసారి కొట్టి, కారును ముందుకు పోనిచ్చింది.