పది లక్షల పాళ్ళలో ఇరవై

నైట్రిక్ యాసిడ్ తయారుచేసే ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు భద్రతాధికారిగా పనిచేశాను. నైట్రిక్ ఆక్సైడ్ గ్యాసును పైపులు దాటి బయటికి రానివ్వకపోవడమే నా ఉద్యోగం. దానికి రంగు లేదు. గాలి తగిలితే మాత్రం ఎర్రటి పొగగా మారి ఇంకా విషమవుతుంది. పీల్చినవాడు మొదట బాగానే ఉంటాడు. టీ తాగుతాడు, జోకులేస్తాడు. ఇంటికెళ్ళాక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అందుకే "నాకేం కాలేదు సార్" అన్నవాణ్ణే ముందు ఆస్పత్రికి పంపేవాణ్ణి. పది లక్షల పాళ్ళ గాలిలో ఇరవై ఐదు పాళ్ళు మించకూడదని రూలు. నేను సున్నా కావాలనేవాణ్ణి. వెనకాల నన్ను సున్నా సారు అనేవాళ్ళు. ఎదుట కూడా అనేవాళ్ళు, కాస్త మర్యాదగా.

మా అమ్మాయికి ఆపరేషన్ చేసి పాపను తీశారు. నాలుగు గంటలు తిరగకుండా పాప నీలంగా మారింది. ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుపోయాయన్నారు. అమ్మాయి పై అంతస్తులో మత్తులో ఉంది. నేనూ అల్లుడూ పసిపిల్లల వార్డుకి పరిగెత్తాం. అక్కడ పాప అద్దాల పెట్టె పక్కన సిలిండరు, దాని మీద నా పాత శత్రువు పేరు, నైట్రిక్ ఆక్సైడ్.

గొంతు తగ్గించి సిస్టర్‌కి చెప్పాను. పొరపాటున వేరే సిలిండరు వచ్చిందని, వాల్వు కట్టేసి అందర్నీ బయటికి పంపమన్నాను.

"అది పాప మందు, పెద్దాయనా. దాన్ని ముట్టుకోకండి," అంది ఆవిడ.

డాక్టరమ్మకి మా అమ్మాయి వయసే ఉంటుంది. ఈ గ్యాసు బిగుసుకున్న నాళాలను వదులు చేస్తుందనీ, మన ఒళ్ళు కూడా దీన్ని చిటికెడు తయారుచేసుకుంటుందనీ ఓపిగ్గా చెప్పింది. ఎంత ఇస్తున్నారని అడిగితే ఇరవై అంది. మా ఫ్యాక్టరీలో ఎదిగిన మగవాళ్ళకే ఇరవై ఐదు హద్దన్నాను.

"వాళ్ళకి అది అక్కర్లేదు బాబాయిగారూ. ఈవిడకి కావాలి."

అల్లుడు నా చెవి దగ్గరికి వచ్చి, ఇది పళ్ళ డాక్టర్లిచ్చే నవ్వుల గ్యాసేనా అని అడిగాడు. "కాదు బాబూ, దాని దాయాది," అన్నాను. "ఎవర్నీ నవ్వించినట్టు దాఖలా లేదు."

అరగంటలో పాప పెదవులు గులాబీ రంగుకొచ్చాయి. నేను పైపు కీళ్ళు తడిమి చూస్తుంటే సిస్టర్ రెండుసార్లు కసిరింది. మూడోసారి ఏమీ అనకుండా, పాపా, అంకెలు చూపే యంత్రం తెరా రెండూ కనబడేచోట ఒక స్టూలు వేసింది. ఎర్ర పొగ లెక్కకి కూడా ఆ తెరమీద విడిగా ఓ అంకె ఉంది. మందు గ్యాసు ఎక్కువైతే రక్తం ప్రాణవాయువును మోయలేదని, పూటపూటా పాప మడమ నుంచి చుక్క తీసి పరీక్షించేవారు. ఇంత జాగ్రత్త మా ఫ్యాక్టరీలో నేను కలలో కూడా చూడలేదు.

మూడోనాటి నుంచి తగ్గించడం మొదలుపెట్టారు. ఒక్కసారిగా ఆపితే నాళాలు మళ్ళీ బిగుసుకుంటాయట. పది, ఐదు, ఒకటి. నాలుగోనాటి ఉదయం సున్నా చేశారు. పాప రక్తంలో ప్రాణవాయువు శాతం తొంభై ఆరు నుంచి తొంభైకి, అక్కణ్ణుంచి ఎనభై నాలుగుకి జారింది.

"అమ్మా, ఒకటి దగ్గరే ఉండనివ్వండి. ఒక్కటే కదా," అన్నాను.

అడిగింది నేనేనా అన్నట్టు అల్లుడు నావైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే డాక్టరమ్మ దాన్ని ఒకటికి తిప్పేసిందని తర్వాత గమనించాను. నా మాటకే తిప్పినట్టు తలూపింది, పాపం.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ సున్నా. తొంభై ఐదు. తొంభై రెండు. తొంభై ఒకటి దగ్గర ఆగింది. తొంభై మూడు. గంట గడిచాక సిస్టర్ సిలిండరు వాల్వు కట్టేసింది.

మధ్యాహ్నం అమ్మాయిని చక్రాల కుర్చీలో కిందికి తెచ్చారు. కుట్లు నొప్పెట్టకుండా తను సర్దుకునేలోపు, సిస్టర్ పాపను నా చేతుల్లో పెట్టింది. పాప ముఖం చిట్లించి గట్టిగా తుమ్మింది. నలుగురం ఒక్కసారే తెరవైపు తిరిగాం.

తొంభై ఏడు.