నాలుగు మడతల గుడ్డ

దీవెనమ్మ తండ్రి హార్బరు బొగ్గు యార్డులో పనిచేసి చేసి, చివరి రోజుల్లో మంచం మీద కూర్చునే నిద్రపోయేవాడు. నడుం వాలిస్తే ఊపిరాడేది కాదు. ఆయన్ని చూసుకోవడానికే ఆమె ఏడో తరగతిలో బడి మానేసింది. ఇప్పుడు భర్త జాన్‌బాబు వెళ్తున్నదీ ఆ యార్డుకే. కొత్తగా కడుతున్న స్టీలు ప్లాంటు నుంచి పిలుపొస్తే ఇది మానేస్తానంటాడు. పిలుపు రాలేదు. ఒళ్లో మూడు నెలల పిల్ల. అతను ఒక్కసారి దగ్గితే చాలు, ఆమె చేతిలో పని ఆగిపోయేది.

యార్డులో మూతికి తువ్వాలే దిక్కు. అందుకని పాత నూలు చీర చింపి, ఒక మడతతో ఒకటి, రెండు మడతలతో ఒకటి, అలా నాలుగు దాకా కుట్టింది. ఒక్కోటీ మూతికి కట్టుకుని, దాని లోపల తడిపిన తెల్లగుడ్డ పెట్టుకుని, గుమ్మంలో పీట మీద కూర్చుని ఖాళీ బొగ్గు బస్తా దులిపేది. వంద లెక్కపెట్టి విప్పి చూసేది.

"ఏటే, దొంగతనానికెల్తన్నావా?" పక్కింటి పాపాయమ్మ నవ్వింది.

"మా మావ ఊపిరికి కాపలా పెడతన్నాను పిన్నీ."

ఒక మడతకు తెల్లగుడ్డ నల్లబడింది. రెండింటికి బూడిదరంగు తిరిగింది. మూడింటికి ఒకటి రెండు మరకలు. నాలుగింటికి ఉతికినట్టే ఉంది. ఆమె అక్కడే కళ్లు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

ఆ గుడ్డే అతనికిచ్చింది. పదిరోజుల తర్వాత, అతను మరిచిపోయిన క్యారేజీ ఇవ్వడానికి యార్డు గేటు దాకా వెళ్లింది. జాన్‌బాబు తలమీద బొగ్గు బుట్ట. నాలుగు మడతల గుడ్డ గడ్డం కింద వేలాడుతోంది. నోరు తెరుచుకుని రొప్పుతున్నాడు.

"ఏటి మావా ఇది?"

"ఊపిరాడదే. నువ్వు కూకుని సూసావు. నాను మోత్తన్నాను."

ఇంటికొచ్చి పిల్లను పాపాయమ్మకిచ్చి, ఆ రకం గుడ్డే ఇంకొకటి కుట్టి కట్టుకుంది. కింద రోడ్డు కుళాయి దగ్గర రెండు బిందెలు నింపుకుని, కొండ మీది తమ ఇంటికి మెట్లెక్కింది. సగంలోనే బిందెలు దించి, గుడ్డ లాగి పారేసింది. మూడు మడతలదీ అంతే. రెండు మడతలదానితో పైదాకా ఎక్కగలిగింది.

మర్నాడు పొద్దున్న అదే తెచ్చి ఇచ్చింది.

"ఇది ఆపుద్దా?" అన్నాడు.

అబద్ధం చెబుదామనుకుంది. నోరు రాలేదు.

"సగం ఆపుద్ది మావా."

అతను తల వంచాడు. ఆమె వెనక తాళ్లు ముడివేసింది. వేశాక కూడా ఆ ముడి మీంచి చెయ్యి తియ్యలేకపోయింది.