నీలం రంగు యాంటెనా

మా బావ వృత్తి పెయింటింగు. స్వభావమూ అదే. ఇంట్లో ఏ పని చేసినా, చివర రంగు వేస్తేనే అది పూర్తయినట్టని ఆయన నమ్మకం. తలుపు గొళ్లేనికి వేశాడు, అది కదలడం మానేసింది. కిటికీ రెక్కలకి వేశాడు, అవి తెరుచుకోవడం మానేశాయి. మా అక్క ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లోనే తిరుగుతోంది. ఆమెకి ఇంకా ఒక కోటింగు ఎందుకు వేయలేదో నాకు అర్థం కాదు.

వంటింటి గోడకి రేడియో బిగించిందీ ఆయనే. ఫ్రిజ్‌కీ ఇనుప అలమరకీ మధ్య, ఇల్లు మొత్తంలో సిగ్నల్ అందని చోటు ఏరికోరి పట్టుకున్నాడు. నాలుగు స్క్రూలు బిగించి, వాటి మీద గోడ రంగు పూసేశాడు. ఇప్పుడు దాన్ని ఊడదీయాలంటే గోడ పెచ్చులు కూడా రావాల్సిందే. అందులో వార్తలు పెడితే నూనెలో ఏదో వేగుతున్నట్టు వినిపిస్తుంది.

ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. కానీ మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఆ రేడియోలో అక్క మాట్లాడబోతోంది.

అక్క కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. వీధి వైపు గదిలో ఆమె బల్ల ఉంటుంది. నాలుగు వీధుల అవతల నుంచి కూడా మిషన్లు మోసుకొస్తారు. ఊళ్లో ఉన్న చిన్న ఎఫ్ఎమ్ స్టేషన్ వాళ్లు చేతిపని చేసే ఆడవాళ్లని వారానికి ఒకరిని పిలిచి ఇరవై నిమిషాలు మాట్లాడిస్తారు. అప్పటికప్పుడు ప్రసారం చేసేయడమే, మళ్లీ వేయరు. ఆ స్టేషన్ ఫోన్లలో రాదు.

పిలుపు రాగానే అక్క బావని అడిగింది ఒక్కటే.

"మీరు వినాలండీ. మొదటి నుంచి చివరిదాకా. మధ్యలో లేచి..."

"మధ్యలో లేచి టీ పెట్టుకోవద్దు, అంతేగా" అన్నాడు బావ.

అక్క చెప్పబోయింది అది కాదు. ఆ ఇంట్లో రివాజే అంత. అక్క మాట మొదలుపెడుతుంది, బావ పూర్తి చేస్తాడు, అదీ తప్పుగా. మిషన్ తెచ్చినవాళ్లు "ఈ పని ఎక్కడ నేర్చుకున్నావమ్మా" అంటే, అక్క నోరు తెరిచేలోపు లోపలి గదిలోంచి "నేనే నేర్పాను" అని వినిపిస్తుంది. బావకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.

"రేడియోని తీసి కిటికీ దగ్గర పెట్టొచ్చుగా" అన్నాను నేను. వాళ్ల పై వాటాలోనే ఉంటాను కాబట్టి ఇలాంటి సలహాలు రోజూ ఇస్తూనే ఉంటాను.

"గోడకి బిగించింది తీయడమా? బయట యాంటెనా పెడతాను చూడు. స్టేషన్ వాళ్ల ఊపిరి కూడా వినపడుద్ది."

"పోనీ పక్కింట్లో విందాం."

"నా పెళ్లాం మాట నేను పక్కింట్లో వినాలా?" అన్నాడు. పరువు అడ్డొచ్చింది.

ఆదివారమంతా డాబా మీద హడావిడి. అల్యూమినియం గొట్టాన్ని వంచాడు, కర్రకి కట్టాడు, కేబుల్‌ని కిటికీలోంచి వంటింట్లోకి దింపాడు. బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పడం నా ఉద్యోగం. వైరు సరిగ్గా తగలకపోతే ఎంత గరగర వస్తుందో నాకు తెలుసు. చూస్తానంటే దగ్గరికి రానివ్వలేదు. సాయంత్రానికి డాబా మీద నీలం రంగు యాంటెనా నిలబడింది. ఎవరింటి గేటుకో వేయగా మిగిలిన ఎనామెల్. ఇక చేతులు దులుపుకుని, సోమవారమంతా వీధిలో కనిపించినవాళ్లకల్లా దాని గురించి చెప్పుకున్నాడు. రేడియో మాత్రం పెట్టి చూడలేదు. ఆయన బిగించినదాన్ని పరీక్షించడమంటే ఆయన్ని అవమానించడమే.

మంగళవారం నేను సెలవు పెట్టాను. అక్క మూడింటికే స్టేషన్‌కి వెళ్లిపోయింది. పావు తక్కువ నాలుగుకి బావ రేడియో తిప్పాడు. గరగర. ఇంకాస్త తిప్పాడు. ఇంకాస్త గరగర.

"వాతావరణం బాలేదు" అన్నాడు. బయట ఎండ కాస్తోంది.

నేను స్టూలెక్కి రేడియో పైభాగం చూశాను. కేబుల్ బిగించే స్క్రూ నీలంగా ఉంది. కేబుల్ కొస కూడా నీలంగానే ఉంది.

"బావా, ఈ తీగకి రంగెందుకు వేశారు?"

"తుప్పు పట్టకుండా."

"పైన బోల్టులకి?"

"వాటికి రెండు కోటింగులు. ఒక్కోటీ విడిగా ముంచి, ఆరాక బిగించా" అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.

"లోహానికి లోహం తగలాలి బావా. మీరు మధ్యలో గోడ కట్టారు."

ఆ మనిషి ముఖంలో రంగు వెలిసిపోవడం మొదటిసారి చూశాను. కూరగాయల కత్తితో స్క్రూ మీద రంగు గీకాను. గరగర తగ్గలేదు. డాబా ఎక్కి ఆ బోల్టులు విప్పే టైము లేదు, నాలుగు కొట్టేసింది. బావ నన్ను పక్కకి జరిపి స్టూలెక్కి, స్క్రూ గట్టిగా ఉందో లేదో అని వేలు పెట్టాడు.

"...మనతో ఉన్న ఈ అక్కగారు" అంది రేడియో, శుభ్రంగా.

వేలు తీశాడు. గరగర. పెట్టాడు. మాట.

"కదలకండి. యాంటెనా మీరే" అన్నాను.

"ఇరవై నిమిషాలా? చెయ్యి..."

తల తిప్పగానే రేడియోలో మాట చెదిరింది. నోరు మూసుకున్నాడు. ఆ ఇంట్లో అదొక వింత.

స్టేషన్ అమ్మాయి అడిగింది, ఈ పని ఎవరు నేర్పారని. బావ పెదాలు అలవాటుగా కదిలాయి.

"ఎవరూ నేర్పలేదమ్మా" అంది అక్క. "పాత మిషన్ ఒకటి ఉండేది. మా ఆయన పనికెళ్లాక విప్పేదాన్ని, వచ్చేలోపు బిగించేసేదాన్ని. ఏ మర ఎక్కడిదో మర్చిపోతే ఏడుపొచ్చేది. రెండేళ్లు పట్టింది."

బావ గోడ వైపే చూస్తున్నాడు.

"ఆయనకి చెప్పలేదా?"

"చెప్పబోయాను చాలాసార్లు. ఆయన ముందు నా మాట ఒక్కటీ చివరిదాకా వెళ్లదు. అందుకే మీరు పిలవగానే ఒప్పుకున్నా. రేడియోలో అయితే అడ్డం రాలేరు కదా."

ఆ అమ్మాయి నవ్వింది. నేను మాత్రం బావ వేలి వైపు చూశాను. ఎందుకంటే అడ్డం రాగలడు. వేలు ఒక్క అంగుళం వెనక్కి తీస్తే చాలు, అక్క మాట అక్కడే ఆగిపోతుంది. తరవాత నెపం వాతావరణం మీదకి తోసేయొచ్చు. అలా చేస్తాడనే అనుకున్నాను. మా బావ గురించి నేను మంచిగా అనుకోవడం ఎప్పుడో మానేశాను.

మోచేతికి రెండో చెయ్యి ఆనించుకున్నాడు. చివరి పాట మొదలయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. స్టూలు దిగాక భుజం నొక్కుకున్నాడు.

ఐదింటికి అక్క వచ్చింది. చెప్పులు విడవకుండానే వంటింటి గుమ్మంలో ఆగింది.

"వినపడిందా అండీ? నేను అక్కడ అన్నదేంటంటే..."

బావ నోరు తెరిచాడు. నేను పళ్లు కొరుక్కున్నాను. ఆయన మళ్లీ నోరు మూసుకుని, కుర్చీ ఆమె వైపు జరిపాడు.

అక్క తరవాతి మాట కోసం తడుముకుంది. ఆ వాక్యం ఎప్పుడూ అంత దూరం రాలేదు పాపం.