హీరోగారి రక్తానికి డూప్

"నా కెరీర్‌లో డూప్ అన్న మాటే లేదు. దూకినా నేనే, పడినా నేనే!"

యాక్షన్ హీరో శ్రీకృష్ణ ఫిల్మ్‌నగర్ ప్రెస్‌మీట్‌లో బల్లగుద్ది ఈ మాట చెబుతున్న వేళకే, షేక్‌పేట తిరుమలేశ్ ఆయన విగ్గు పెట్టుకుని, జూబ్లీహిల్స్ ల్యాబ్‌లో ఆయన పేరు మీద రక్తం ఇస్తున్నాడు.

శ్రీకృష్ణ తప్పేం లేదు. ముప్పై మంది కత్తులు దూసి మీదికొస్తే ఆవులించే మనిషే గానీ, సూది కనబడితే కాళ్లు ఆయన మాట వినవు. ఇన్సూరెన్స్ వాళ్లేమో పరీక్షలు అయితే తప్ప కొత్త సినిమాకి సంతకం పెట్టేది లేదన్నారు. రిస్కు షాట్ ఏదైనా తిరుమలేశ్‌ని పిలవడం యూనిట్ ఆనవాయితీ. పిలిచారు.

రిపోర్టులో పీఎస్ఏ పద్నాలుగు అని వచ్చింది.

"బ్రహ్మాండం సార్! మన పోయిన సినిమాకి రివ్యూల్లో రెండున్నరే ఇచ్చారు" అన్నాడు మేనేజర్.

డాక్టర్ హెలెన్ హీరోని పిలిపించి విడమరిచి చెప్పింది. "ఇది ప్రోస్టేట్ గ్రంథి సంగతండీ. ఇంత పెరిగితే క్యాన్సరేమోనని అనుమానించాలి. ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, కంగారొద్దు. కానీ వదిలేయకూడదు. వారం ఆగి మళ్లీ రక్తం తీద్దాం."

శ్రీకృష్ణకి లెక్క ఇట్టే తేలింది. ఈసారి కళ్లు మూసుకుని తన రక్తం ఇచ్చేస్తే రిపోర్టు శుభ్రంగా వస్తుంది. సినిమా మొదలవుతుంది. పద్నాలుగు మాత్రం తిరుమలేశ్ ఒంట్లో చడీచప్పుడు లేకుండా ఉండిపోతుంది.

వారం తిరిగి హెలెన్ ముందు కూర్చుని, సరే, కానివ్వండి అనబోయాడు. నర్సు సూది తీసింది. హీరోగారి ముఖం పాలిపోయింది. అది చూసి మేనేజర్ అలవాటు కొద్దీ తలుపు తెరిచి కేకేశాడు. "తిరుమలేశ్, షాట్ రెడీ!"

ఎందుకైనా మంచిదని మేనేజర్ వెంట తెచ్చి బయట కూర్చోబెట్టిన తిరుమలేశ్ విగ్గు సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చి చొక్కా చెయ్యి మడిచాడు.

"జర జరుగుండ్రి సార్. క్లోజప్‌కి పిలుస్తం."

"ఎవరయ్యా నువ్వు?" అంది హెలెన్.

"పోయినసారి ఇచ్చింది నేనే గద మేడం! నాకేం ఫికర్ లేదు, ఎంత గావాలంటె గంత గుంజుకోండ్రి."

హెలెన్ మెల్లగా హీరో వైపు తిరిగింది. ఏడుపు సీనుకి సీసాడు గ్లిజరిన్ అడిగే శ్రీకృష్ణకి కళ్లు వాటంతటవే నిండాయి.

"గట్లెందుకైతుండ్రు సార్? సూది నాకు గద!"

"సూదొక్కటే కాదురా," అన్నాడు శ్రీకృష్ణ తల దించుకుని, "రిపోర్టూ నీదే. అందులో ఉన్న జబ్బు, ఏదైనా ఉంటే, అదీ నీదే. వారం నుంచీ నాకు తెలుసు. ఇవాళ కూడా నీకు చెప్పకుండానే వెళ్లిపోదామనుకున్నా."