అగ్నిపర్వతం చూసొచ్చిన రోజు

పదకొండు మందికి పూటకు ముప్పై రొట్టెలు. పొద్దుటి పిండి గిన్నె కడగకముందే ఇఫ్ఫత్ మధ్యాహ్నానికి పిండి కలపాల్సి వస్తోంది. ఇరాక్ సైన్యం కువైత్‌లోకి దిగి ఇరవై రోజులైంది. అబ్బాసియాలోని ఈ రెండు గదుల ఇంట్లో అంతకుముందు ఆమె, భర్త ముజీబ్ ఇద్దరే ఉండేవాళ్లు. సైనికులు పనివాళ్లుండే క్యాంపు ఖాళీ చేయించిన రోజు ముజీబ్ కంపెనీ మనుషులు ఎనిమిది మంది వచ్చి చేరారు. అందరూ కడప, రాయచోటి వాళ్లే. మొదటిరోజు ఖాసిం వలి తన పళ్లెం తానే కడుక్కోబోతే ముజీబ్ నవ్వి, "ఉండనీలేప్పా, మీ వదిన ఉండాది గదా" అన్నాడు. ఆ తర్వాత ఇంకెవరూ పళ్లెం తియ్యలేదు. ఇఫ్ఫత్ బట్టలు కుట్టే లేడీస్ టైలరింగ్ షాపు మూతపడితే, "నీకేం, సెలవులు" అన్నాడు ముజీబ్.

పదకొండో మనిషి హమీదా బీ. రుమైథియాలో ఒక ఇంట్లో పనిచేసేది. ఆమె మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు పిల్లల్ని కారెక్కించుకుని సౌదీకి వెళ్లిపోతూ, ఇల్లు చూస్తూ ఉండమని ఆమెకు తాళాలిచ్చింది. పాస్‌పోర్టు మాత్రం ఇవ్వలేదు. పక్కింట్లోకి సైనికులు దిగాక హమీదా తాళాలు అక్కడే పడేసి, రోజంతా నడిచి అబ్బాసియా చేరింది. రొట్టెల దుకాణం ముందు వరసలో కళ్లు తిరిగి పడబోతుంటే ఇఫ్ఫత్ పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఎక్కడో దగ్గర్లోనే తుపాకులు పేలాయి. మనుషుల మొహాల్లో నెత్తురు లేదు. వాళ్లకు ధైర్యం వచ్చేలా ఏదో ఒకటి చెప్పాలని ముజీబ్ మారిషస్ కబుర్లు ఎత్తుకున్నాడు. జూన్‌లో అక్కడ ఒక హోటల్లో ఏసీలు బిగించడానికి కంపెనీ అతన్ని పంపింది. ఇఫ్ఫత్‌కు కూడా టికెట్ ఇచ్చింది. పని అయ్యాక ఒకరోజు మిగిలితే, హోటల్ మేనేజరు వెనకాల పడక, స్టవ్, చిన్న సింకు ఉన్న వ్యాన్ ఇచ్చి దీవంతా తిరిగి రమ్మన్నాడు.

"ఇల్లే కదులుతాంటాది అనుకోండి" అంటున్నాడు ముజీబ్. "అగ్నిపర్వతం అంచు మింద నేనూ ఇఫ్ఫతూ నిలబడితే, మంచు మమ్మల్ని తోసుకుంటా పోతాండాది."

రొట్టెలు వత్తుతున్న ఇఫ్ఫత్ చెయ్యి పీట మీద ఆగింది. ఆమెకు ఆ రోజు ఇంకోలా గుర్తుంది. బయటి తిండి పడదని అతను పొద్దున్నే బియ్యం, ఉల్లిగడ్డలు కొన్నాడు. అతను ముందు కూర్చుని బండి నడిపాడు. ఆమె వెనక కూర్చుని, మలుపు మలుపుకీ చేతిలో కత్తి జారుతుంటే ఉల్లిగడ్డలు తరిగింది. చెరకు తోటలు, నల్లరాళ్ల గుట్టలు, సముద్రం అన్నీ వెనక కిటికీలోంచి దూరమైపోతూనే కనిపించాయి. అతను సముద్రంలో ఈదివస్తే ఆమె ఆ ఉప్పు బట్టలు జాడించింది. రంగురంగుల మట్టి దిబ్బల దగ్గర అతని ఫోటోలు తీసింది. కెమెరా ఆమె చేతిలోనే ఉండిపోయింది గనుక ఏ ఫోటోలోనూ ఆమె లేదు. సాయంత్రం వ్యాన్ కొండెక్కింది. ఏడో తరగతి పుస్తకంలో అగ్నిపర్వతం బొమ్మ చూసినప్పటి నుంచి ఆమెకు దాన్ని చూడాలని ఉండేది. ఆ రోజంతా అడిగింది అదొక్కటే. "నువ్వు టీ పెట్టు, నేను పోయి చూసొచ్చి పిలుస్తా" అన్నాడు. అరగంటకు వచ్చి, టీ తాగి, "ఏముండాది, గుంత. పద, పొద్దు పోతాంది" అన్నాడు. అంచు వ్యాన్ నుంచి ఇరవై అడుగులు ఉంటుందేమో. ఆమె గ్లాసు కడిగి బోర్లించింది. ఎందుకు దిగి నడవలేదో ఇప్పటికీ ఆమెకు తెలియదు. పిలుస్తానన్నాడు కదా అని ఎదురుచూసింది, అంతే.

వంటింటి గడపలో కూర్చున్న హమీదా ఆశగా అడిగింది. "అక్కా, ఆ అగ్నిపర్వతం లోపల ఏముండె?"

"నేను చూళ్లేదు హమీదా. నేను టీ పెడతాంటి."

ముజీబ్ నవ్వడానికి ప్రయత్నించి, "దానికి గుర్తుండదులేప్పా" అన్నాడు.

"గుర్తుండాది. అల్లం వెయ్యలేదని అన్నారు గూడా."

అతను మాట మార్చాడు. కంపెనీ వ్యాన్ దొరికిందట. రేపు పొద్దున బయల్దేరితే బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరొచ్చు. పదిమంది పడతారు. "వెనక స్టవ్ పెట్టుకుందాం, మారిషస్ వ్యాన్ మాదిరే. దావలో ఇఫ్ఫత్ వండుతాది."

"హమీదా?" అంది ఇఫ్ఫత్.

"పాస్‌పోర్టు లేని మనిషిని యాడ దాచేది? చెక్‌పోస్టులో పట్టుకుంటే పదిమందీ పోతాం."

అతను చెడ్డవాడు కాదు. తుపాకుల మధ్య నిలబడి పిండి బస్తా మోసుకొచ్చినవాడే. ఇప్పుడు చెప్పిన భయమూ అబద్ధం కాదు. ఆమెకూ భయంగానే ఉంది. సైనికులంటే, ఎడారంటే, ఇతని మొహం మారడమంటే. అయినా చేతులకంటిన పిండి కడుక్కుంది. పెట్టెలోంచి తన పాస్‌పోర్టు తీసి, బురఖా వేసుకుంది.

"చెప్పులేసుకో హమీదా. ఇండియా వాళ్ల బడికాడ మనోళ్లు కాగితాలు లేనోళ్లకు కాగితాలు రాయించి బస్సుల్లో జోర్డాన్‌కు పంపిస్తాండారంట. మన పేర్లు రాయిద్దాం."

ముజీబ్ లేచి నిలబడ్డాడు. ఆడవాళ్లు ఇద్దరే ఎలా వెళ్తారని అడుగుతాడేమో, కనీసం జాగ్రత్త అంటాడేమో అని ఆమె తలుపు దగ్గర ఒక క్షణం ఆగింది.

"మరి మాకు వండేదెవరు?" అన్నాడు.

తలవంచుకుని కూర్చున్న ఖాసిం వలి లేచి, రొట్టెల పీట ముందు కూర్చున్నాడు. ఇఫ్ఫత్ మెట్లు దిగింది.

బడి వరండాలో పేర్లు రాస్తున్నది బాలసుబ్బయ్య అనే పెద్దాయన. ఇద్దరి వెనకా ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"మీతో మొగోళ్లు ల్యారామ్మా?"

"ఉండారు. వాళ్ల దావన వాళ్లు పోతాండారు."

ఆయన కలం కాగితం మీద పెట్టాడు. "ఈ గళ్లో ఇంటిపెద్ద పేరు రాయాల. చెప్పు తల్లీ."

"ఇఫ్ఫత్" అంది ఆమె. "కింద నా చెల్లెలు పేరు రాయండి."